మాయ ఎవరి తప్పును మోస్తోంది? పాత నాటకం మీద అల్లిన ఫాంటసీ నవలను చదివే పద్ధతి

బెంగళూరులోని తెలుగు ఇళ్లలో పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లల చేతుల్లో ఒక రకం ఇంగ్లిషు నవలలు తరచుగా కనిపిస్తున్నాయి. ఏ షేక్‌స్పియర్ నాటకాన్నో, గ్రీకు విషాదాంత నాటకాన్నో మూలంగా తీసుకుని, అందులోకి శాపాలనూ రాక్షసులనూ మంత్రవిద్యలనూ తెచ్చి, ఆ వయసు పాఠకుల కోసం తిరిగి చెప్పిన నవలలు అవి. వీటిని చూసి పెద్దవాళ్లు సాధారణంగా రెండు అభ్యంతరాలు చెబుతారు. కథ ముందే తెలిసిపోయినప్పుడు చదవడంలో ఆసక్తి ఏముంటుందన్నది మొదటిది. మూలనాటకం చదవనివాళ్లకు ఇది ఎలా అర్థమవుతుందన్నది రెండోది. పదో తరగతి చదువుతున్న మా అక్క కూతురితో కలిసి కొంతకాలంగా ఈ నవలలు చదువుతున్నాను కనుక, రెండు అభ్యంతరాలకూ సమాధానం మా అనుభవంలోనే దొరికింది. ఇంట్లో ఇలాంటి పుస్తకం ఉండి, దానిని పిల్లలతో కలిసి చదవాలనుకునేవారికి పనికివస్తుందని ఆ పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

తెలిసిన కథను మళ్లీ వినడం మన వాళ్లకు కొత్త అలవాటేమీ కాదు. శ్రీకృష్ణ రాయబారం చూడటానికి రాత్రంతా చాపల మీద కూర్చున్న ప్రేక్షకులలో సంధి కుదరదన్న సంగతి తెలియనివారు ఒక్కరూ ఉండరు. అయినా తిరుపతి వేంకట కవుల 'బావా ఎప్పుడు వచ్చితీవు' పద్యం దగ్గరకు వచ్చేసరికి ఈ నటుడు రాగం ఎలా తీస్తాడో, దుర్యోధనుడు ఏ చూపు చూస్తాడో అని ఊపిరి బిగబట్టేవారు, నచ్చితే 'వన్స్ మోర్' అని కేక వేసేవారు. ఫాంటసీ పునఃకథనాన్ని చదివేటప్పుడు కూడా ఆ ప్రేక్షకుడి మనసుతోనే కూర్చోవాలి. 'రోమియో అండ్ జూలియట్' విషయంలోనైతే షేక్‌స్పియరే ఈ భయాన్ని తీర్చేశాడు. నాటకం పద్నాలుగు పాదాల ప్రస్తావనతో మొదలవుతుంది. రెండు వంశాల పగ, ఆ పగలో పుట్టిన ప్రేమికుల మరణం, ఆ మరణంతో పెద్దల కలహం చల్లారడం, ఇవన్నీ తెర తీయగానే ప్రేక్షకుడికి చెప్పేస్తాడు. అందువల్ల ముగింపు ముందే తెలిసిపోయిందని పిల్లలు దిగులుపడితే, ఆ పద్నాలుగు పాదాలనూ వారిచేత పైకి చదివించడం మంచి ఆరంభం.

మూలనాటకాన్ని పూర్తిగా చదివిన తరువాతే నవల తెరవాలన్న నియమం పెట్టవద్దని నా గట్టి అభిప్రాయం. నాలుగు వందల ఏళ్ల నాటి ఇంగ్లిషు పిల్లలకే కాదు, మనకూ కష్టమే. మొదటి అంకం దాటకుండానే విసుగు పుడితే నాటకమూ పోతుంది, నవలా పోతుంది. నేను అనుసరించే క్రమం ఇది. ముందు నాటకం కథను పది నిమిషాల్లో తెలుగులో చెప్పేయడం, తరువాత ప్రస్తావననూ మరొక మూడు ఘట్టాలనూ మాత్రమే మూలంలో చదవడం, ఆపైన నవలలోకి వెళ్లడం, నవల పూర్తయ్యాక మనసు లాగితే నాటకం మొత్తం చదవడం. చివరి మెట్టు దానంతట అదే వస్తుంది. నవల ముగించిన వారానికే మా అక్క కూతురు నాటకం మొత్తం కావాలని అడిగింది. కుడి పేజీలో పాఠం, ఎడమ పేజీలో కఠినపదాలకు అర్థాలు ఉండే ముద్రణ తీసుకుంటే మాటిమాటికీ నిఘంటువు తెరవనక్కరలేదు. చర్చ్ స్ట్రీట్‌లోని పాత పుస్తకాల దుకాణాల్లో విద్యార్థులు పెన్సిల్‌తో గీతలు గీసిన ప్రతులు దొరుకుతాయి, వాటిలోని గీతలు కూడా కొన్నిసార్లు దారి చూపుతాయి.

ఉదాహరణకు ఒక నవల పేరు చెప్పక తప్పదు. క్లోయీ గాంగ్ రాసిన 'దీజ్ వయొలెంట్ డిలైట్స్' 2020లో వచ్చింది, 2021లో వచ్చిన రెండో భాగంతో కథ పూర్తవుతుంది. 'రోమియో అండ్ జూలియట్' జరిగే వెరోనా నగరం ఇందులో 1926 నాటి షాంఘైగా మారింది. నాటకంలో పగపట్టిన కాపులెట్, మాంటెగ్యూ వంశాలు రెండు ముఠాలయ్యాయి, ఒకటి చైనీయులది, ఒకటి రష్యన్లది. నగరంలో కొంత భాగం విదేశీయుల అధీనంలో ఉంది. హువాంగ్‌పూ నదిలో ఒక భీకర జంతువు తిరుగుతోందని వదంతి, ఊళ్లో మనుషులు ఉన్నట్టుండి ఉన్మాదం పట్టి తమ గొంతులు తామే చీల్చుకుంటున్నారు. ఈ ఒక్క వివరంతోనే తల్లిదండ్రులకు విషయం అర్థమై ఉంటుంది. నెత్తురు ఎక్కువగా ఉన్న పుస్తకం ఇది, పద్నాలుగేళ్లు నిండని పిల్లల చేతికి నేనైతే ఇవ్వను. ఇచ్చినా, రాత్రి పడుకునే ముందు కాకుండా పగటిపూట చదవమంటాను.

చదవడం మొదలుపెట్టే ముందు ఒక తెల్లకాగితం మధ్యలో గీత గీసి, ఎడమవైపు నాటకంలోని పేర్లు రాసిపెట్టుకోవాలి. నవలలో పాత్ర ఎదురైనప్పుడల్లా కుడివైపు దాని పేరు చేరుతుంది. రోమియో రోమా అయ్యాడు, టిబాల్ట్ టైలర్ అయ్యాడు, బెన్వోలియో బెనెడిక్ట్ అయ్యాడు. ఇంటర్నెట్‌లో వెతికితే ఈ జాబితా క్షణంలో వస్తుంది, కాని అలా వెతకవద్దని బతిమాలుతున్నాను, ఎందుకంటే ఎవరు ఎవరో తనంతట తాను పోల్చుకున్న క్షణంలో పిల్ల ముఖంలో వచ్చే వెలుగు ఆ జాబితా చూస్తే రాదు. కుడివైపున ఎవరికీ జత కుదరని పేర్లు కొన్ని మిగులుతాయి. వాటి కింద గీత గీయాలి, రచయిత్రి సొంతంగా చెప్పదలచుకున్నది తరచుగా ఆ పాత్రల దగ్గరే ఉంటుంది. ఎడమవైపున ఉన్న రోసలిన్ మీద ప్రత్యేకంగా దృష్టి పెట్టమంటాను. నాటకంలో రోమియో జూలియట్‌ను చూడక ముందు ప్రేమించిన అమ్మాయి ఆమె. అందరూ ఆమె గురించి మాట్లాడతారు, ఆమె మాత్రం ఒక్కసారైనా రంగం మీదకు వచ్చి మాట్లాడదు. నవలలో రోసలిండ్‌కు మాటా మనసూ సొంత బాధలూ ఉన్నాయి. పాత కథ నోరు నొక్కిన మనిషి చేత మాట్లాడించడం పునఃకథనం చేయగలిగిన గొప్ప పనులలో ఒకటి.

ఇంతవరకూ చెప్పినవి పుస్తకానికి దారి చూపే ఏర్పాట్లు. అసలు చదువు ఒక ప్రశ్నతో మొదలవుతుంది. ఈ కథలోకి వచ్చిన మాయ ఎవరి తప్పును మోస్తోంది? ఈ ప్రశ్న నాకు ఇంగ్లిషు పుస్తకాల వల్ల తట్టలేదు, శకుంతల కథ నేర్పింది.

మహాభారతం ఆదిపర్వంలో శాపమూ లేదు, ఉంగరమూ లేదు. శకుంతల కొడుకును వెంటబెట్టుకుని సభకు వస్తుంది. దుష్యంతుడికి అంతా గుర్తుంది, గుర్తుండే ఎరగనంటాడు. నన్నయ ఆమె నోట పలికించిన 'నుతజలపూరితంబులగు నూతులు' పద్యం అప్పటిదే. నూరు నూతుల కంటే ఒక దిగుడుబావి మేలంటూ మెట్టు మెట్టుగా పైకి వెళ్లి, నూరుగురు కొడుకుల కంటే ఒక్క సత్యవాక్యం మేలని నిండు సభలో రాజుకు చెబుతుంది. ఆకాశవాణి పలికిన తరువాత, లోకాపవాదానికి భయపడి అలా అన్నానని రాజు ఒప్పుకుంటాడు. తప్పు నూటికి నూరుపాళ్లు అతడిదే. కాళిదాసు ఇదే కథను ఏడంకాల నాటకంగా మలచినప్పుడు నాలుగో అంకంలో దుర్వాసుడి శాపాన్ని తెచ్చాడు, శాపవిమోచనానికి ఒక ఆనవాలు కావాలన్నాడు, ఆ ఉంగరాన్ని శచీతీర్థంలో జారవిడిపించి చేప కడుపులోకి పంపాడు. ఐదో అంకంలో రాజు ఆమెను కాదన్నప్పుడు అది అబద్ధం కాదు, అతడికి నిజంగానే జ్ఞాపకం లేదు. రాజు మోయవలసిన తప్పును మాయ తన భుజాన వేసుకుంది. నాటకం మృదువైంది, రాజు మీద మనకు జాలి కలిగింది, కాని నన్నయ శకుంతల ముందు తలవంచిన దుష్యంతుడు ఆ మృదుత్వంలో కనుమరుగయ్యాడు. పదిహేనో శతాబ్దంలో పిల్లలమర్రి పినవీరభద్రుడు 'శృంగార శాకుంతలము' రాస్తూ భారత కథనూ కాళిదాసు కల్పననూ కలిపి అల్లాడంటే, ఏ దారాన్ని ఎక్కడ వదలాలో, ఎక్కడ పట్టుకోవాలో మన కవులు ఎంత శ్రద్ధగా ఆలోచించారో తెలుస్తుంది. మనం గొప్ప మూలంగా భావించే నాటకం కూడా తన నాటికి ఒక పునఃకథనమే. ఆ మాటకొస్తే షేక్‌స్పియర్ కూడా రోమియో కథను ఆర్థర్ బ్రూక్ 1562లో రాసిన దీర్ఘకవిత నుంచి తీసుకున్నాడు.

ఇప్పుడు ఈ ప్రశ్నను వెరోనా దగ్గరకు తీసుకువెళ్లాలి. మూలంలో చదవవలసిన మూడు ఘట్టాలని పైన చెప్పాను, వాటిలో మొదటిది ఐదో అంకం రెండో రంగం. చాలా చిన్నది, ఎవరూ పట్టించుకోనిది. జూలియట్ చనిపోలేదని, మందు మత్తులో మాత్రమే ఉందని రోమియోకు చెప్పే ఉత్తరం తీసుకువెళ్లవలసిన క్రైస్తవ సన్యాసి ఫ్రయర్ జాన్‌ను, అతడు అంటువ్యాధి ఉన్న ఇంట్లో ఉన్నాడన్న అనుమానంతో ఊరి అధికారులు లోపల పెట్టి తలుపులు మూసేశారు. ఉత్తరం చేరలేదు, అందుకే ఇద్దరూ మరణించారు. మూడో అంకంలో రోమియో స్నేహితుడు మెర్క్యూషియో ప్రాణం వదులుతూ మీ రెండు ఇళ్లకూ మహమ్మారి తగులుగాక అని శపించాడు, ఆ మహమ్మారి ఐదో అంకంలో నిజంగానే వచ్చి తలుపు మూసింది. ఈ నాటకం పుట్టడానికి కొద్దికాలం ముందే, 1592 నుంచి 1594 వరకు, ప్లేగు కారణంగా లండన్ నాటకశాలలు చాలా కాలం మూతపడి ఉన్నాయి. తొలి ప్రేక్షకులకు ఆ మూసిన తలుపు కథలో మాట కాదు, తమ వీధిలో చూసిన దృశ్యం. కరోనా రోజుల్లో అపార్ట్‌మెంట్ గేటుకు అడ్డంగా కట్టిన పట్టీని చూసిన మన పిల్లలకు కూడా దీనిని వేరుగా వివరించనక్కరలేదు.

షాంఘై నవలలోని ఉన్మాదం ఆ తలుపు వెనుక నుంచే వచ్చిందని నాకు అనిపిస్తుంది. నాటకంలో వ్యాధి కాకతాళీయంగా వచ్చి ఉత్తరాన్ని ఆపింది, దానికి బాధ్యులు ఎవరూ లేరు. నవలలో వ్యాధి కథ నడిబొడ్డుకు వచ్చింది, దానికొక మూలం ఉంది, ఆ మూలాన్ని వెతకడానికి పగవాళ్ల పిల్లలిద్దరూ చేతులు కలపవలసి వచ్చింది. కాళిదాసు మాయ మనిషి తప్పును తనమీద వేసుకుంటే, ఇక్కడి మాయ విధి మీద వేసిన తప్పును తెచ్చి మళ్లీ మనుషుల ముందు పెడుతుంది. ఎవరి ముందు పెడుతుందో చెబితే పుస్తకం పాడవుతుంది కనుక ఇక్కడితో ఆపుతాను. పిల్లలు చదువుతున్నప్పుడు మూడు, నాలుగు అధ్యాయాలకొకసారి ఈ ప్రశ్ననే వేరు వేరు మాటల్లో అడగాలి. ఇప్పుడు జరిగిన చావుకు కారణం ఎవరు? రాక్షసి లేకపోతే ఈ చావు జరిగేది కాదా, లేక పగవల్ల ఎలాగూ జరిగేదా? మొదట ఒక జవాబు చెప్పిన పిల్లే సగం పుస్తకం అయ్యాక దానిని మార్చుకుంటుంది. అలా మార్చుకున్నప్పుడు తప్పుపట్టకుండా, ఏ పేజీ మార్చిందో చూపించమనాలి.

రెండో ఘట్టం మొదటి అంకం నాలుగో రంగంలో మెర్క్యూషియో చేసే మాబ్ రాణి వర్ణన. ఫాంటసీని మూలనాటకం మీద అతికించిన అతుకుగా భావించేవారు దీనిని తప్పక చదవాలి. గోరంత దేవకన్య ఒకతె హేజెల్ కాయ డొప్పను రథంగా చేసుకుని, సాలీడు కాళ్లను చక్రాల ఆకులుగా, మిడత రెక్కలను పైకప్పుగా అమర్చుకుని, బూడిదరంగు కోటు తొడిగిన దోమను సారథిగా పెట్టుకుని, నిద్రపోయేవారి ముక్కుల మీదుగా పరుగెత్తుతుంది. ఆ వర్ణన సరదాగా మొదలై, సైనికుల కలల్లోకి వెళ్లేసరికి కోసిన గొంతుల దాకా వస్తుంది. ఫాంటసీ విత్తనం నాటకంలోనే ఉందని పిల్లలకు ఈ నలభై పై చిలుకు పంక్తులే చెబుతాయి.

మూడోది మొదటి అంకం ఐదో రంగంలో ఇద్దరూ తొలిసారి మాట్లాడుకునే ఘట్టం. ఆ సంభాషణలోని మొదటి పద్నాలుగు పాదాలు కలిసి ఒక సానెట్ అవుతాయి. అతడు కొన్ని పాదాలు, ఆమె కొన్ని పాదాలు చెబుతూ, ఒకరి ప్రాసను ఒకరు అందుకుంటూ ఒకే పద్యాన్ని పూర్తి చేస్తారు. ఇద్దరు మనుషులు మాట కలిపారనడానికి ఇంతకంటే అందమైన సాక్ష్యం నాకు కనిపించలేదు. దీనిని మౌనంగా చదివితే సగం పోతుంది, మీరు ఒక పాత్ర, పిల్ల ఒక పాత్ర తీసుకుని పైకి చదవాలి. వచన నవలకు ఈ సౌకర్యం లేదు, అందుకని నవల దానికి బదులుగా ఏం పెట్టిందో వెతకాలి. ఈ నవలలో ఇద్దరికీ అది తొలిచూపు కాదు, నాలుగేళ్ల క్రితమే ప్రేమ ఉంది, నమ్మకద్రోహమూ ఉంది. తొలి ఉత్తరం రాసే చేయి వేరు, ఒకసారి చించిన ఉత్తరాన్ని అతికించే చేయి వేరు.

కాలం, వయసు గురించి క్లుప్తంగా చెబుతాను. బ్రూక్ కవితలో నెలల తరబడి సాగిన కథను షేక్‌స్పియర్ నాలుగైదు రోజులకు కుదించాడు, పదహారేళ్ల జూలియట్‌ను పద్నాలుగు నిండని పిల్లగా మార్చాడు. నవలలో ఆమెకు పద్దెనిమిది. ఈ మూడు వయసులనూ ఒక వరుసలో రాసి పెట్టుకుంటే, తొందరపాటు కథ నిలదొక్కుకున్న మనుషుల కథగా ఎలా మారిందో దానంతట అదే కనిపిస్తుంది.

కుదిరితే ఒక నాటకాన్ని రంగస్థలం మీద చూడాలి. జె.పి. నగర్‌లో 2004లో మొదలైన రంగ శంకరలో నాటకాలు నిత్యం ఆడుతూనే ఉంటాయి, అక్కడ వేళ దాటి వచ్చినవారిని లోపలికి రానివ్వరు. బెళ్లందూరు, మారతహళ్లి వైపు నుంచి వెళ్లేవారు సిల్క్ బోర్డ్ కూడలిలోని రద్దీని తలచుకుని రెండు గంటల ముందే బయలుదేరడం క్షేమం. మీరు చదువుతున్న నాటకమే కానక్కరలేదు, కన్నడ నాటకమైనా ఫరవాలేదు, గొంతూ వెలుతురూ కలిస్తే పేజీలోని మాట ఏమవుతుందో పిల్లలు ఒకసారి కళ్లారా చూడాలి. మనం ఉంటున్న నేల మీద కూడా ఈ పని ఎప్పుడో జరిగిందని వారికి చెప్పాలి. కన్నడ కవి కువెంపు షేక్‌స్పియర్ 'హామ్లెట్'ను 'రక్తాక్షి'గా మలిచి బిదనూరు రాజ్యానికి తీసుకువచ్చారు.

పుస్తకం ఇంగ్లిషులో ఉన్నా, దాని గురించిన మాట ఇంట్లో తెలుగులోనే సాగాలని నేను పట్టుబడతాను. చదివిన అధ్యాయాన్ని రాత్రి భోజనాల దగ్గర తాతయ్యకు చెప్పడం మా ఇంట్లో ఏర్పాటు. అలా చెప్పేటప్పుడు పిల్ల ఇంగ్లిషు వాక్యాన్ని వదిలేసి, తన మాట వెతుక్కుంటుంది. ముఠాకు, పగకు, వారసత్వానికి, ద్రోహానికి తెలుగు మాటలు నోటికి రావాలంటే ఇంతకంటే మంచి సందర్భం దొరకదు. మా నాన్నగారు నవల ఒక్క పేజీ కూడా చదవలేదు. అయినా ఆయన అడిగిన ప్రశ్న, "అమ్మా, ఆ జంతువును నదిలోకి ఎవరు తెచ్చారే? దానంతట అది రాదుగా?" అన్నది, మేమిద్దరం అంతవరకూ వేసుకున్న ప్రశ్నలన్నిటికంటే సూటిగా ఉంది. నన్నయ శకుంతలను ఆ తరువాత ఆయనే చదివి వినిపించారు. తిరుమల తిరుపతి దేవస్థానం తాత్పర్యాలతో ప్రచురించిన కవిత్రయ భారతం ఇంట్లో ఉంటే ఆ పని ఎవరైనా చేయవచ్చు.

అన్నిటికంటే చివర, పిల్లలచేత ఒక్క ఘట్టమైనా తమ ఊళ్లో జరిగినట్టు రాయించాలి. నవల అంతా అక్కరలేదు, రెండు పేజీలు చాలు. ఊరు నిజమైనది కావాలి, మాయకు ఒక హద్దు ఉండాలి, అంటే అది చేయలేని పని ఏమిటో ముందే రాసిపెట్టుకోవాలి, లేకపోతే ప్రేమికులను మంత్రం వేసి బతికించేయవచ్చు, కథకు బరువు ఉండదు. మా అక్క కూతురు తన రాక్షసిని బెళ్లందూరు చెరువులో పెట్టింది. 2017లో ఆ చెరువు మంటలంటుకుని పొగ కక్కినప్పుడు తను చిన్నపిల్ల. నురుగు గాలికి ఎగిరి రోడ్డు మీద పడటం గురించి వాళ్లమ్మ చెబితే విన్నది. రెండు అపార్ట్‌మెంట్ సముదాయాల మధ్య పగ, ఒకదానిలో అబ్బాయి, ఒకదానిలో అమ్మాయి, రాత్రిపూట తెల్లని నురుగులోంచి లేచే జంతువు, ఇంతవరకూ ఒక్క సాయంత్రంలో రాసేసింది.

తరువాత పెన్ను ఆగిపోయింది. "పిన్నీ, మనం ఇంతకాలం వేసుకున్న ప్రశ్న దీనికి కూడా వేయాలి కదా," అని అడిగింది. అవునన్నాను. రెండు సముదాయాల మురుగునీరూ, వాటి బట్టల సబ్బు నురుగూ, మా అపార్ట్‌మెంట్‌ది కూడా కలిపి, ఆ చెరువులోకే చేరుతుందని తను బడిలో చదువుకుంది. పగపట్టిన రెండు కుటుంబాలూ కలిసే పెంచిన జంతువది. ఇప్పుడు కథలోని అమ్మాయి ఆ సంగతిని ముందు ఎవరికి చెప్పాలన్న చోట రెండో పేజీ సగంలో ఆగి ఉంది, తాతయ్య ప్రతిరోజూ అడుగుతున్నారు.